రన్ అంటే పరుగేనా? ఈ చిన్న ఇంగ్లీషు మాటని పూర్తిగా పట్టుకునే పద్ధతి

"మందు కొట్టాడు" అని ఎవరైనా అంటే మీకేం అర్థమవుతుంది? చేలో ఉన్న మనిషి గురించైతే వరికి పురుగుమందు కొట్టాడని, రాత్రి ఫ్రెండ్స్‌తో కూర్చున్న మనిషి గురించైతే తాగాడని. మాటలు అవే, ఒక్క అక్షరం మారలేదు, అయినా మనకి క్షణం ఆలోచించాల్సిన పని కూడా ఉండదు. కొబ్బరికాయ కొట్టడం, ఈత కొట్టడం, హారన్ కొట్టడం, గోడకి సున్నం కొట్టడం, ఎండ కొట్టడం, బోర్ కొట్టడం, జేబు కొట్టేయడం, బండికి పెట్రోల్ కొట్టించుకోవడం, ఇవన్నీ లిస్టు రాసి మనచేత ఎవరూ బట్టీ పట్టించలేదు కదా. పక్కన ఏ మాట ఉందో చూసి కొట్టుకి అర్థం మనమే చెప్పేసుకుంటాం.

ఇంగ్లీషులో రన్ అనేది అచ్చం ఇలాంటి మాటే. మూడే మూడు అక్షరాలు. కానీ ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ వాళ్ళు దీన్ని మళ్ళీ సవరించి రాసినప్పుడు ఒక్క క్రియగానే 645 అర్థాలు తేలాయి, పీటర్ గిల్లివర్ అనే నిఘంటుకారుడికి ఆ ఒక్క మాట మీదే తొమ్మిది నెలలు పట్టింది. అంతకుముందు 1989లో వచ్చిన 20 సంపుటాల రెండో ఎడిషన్‌లో సెట్ అనే మాటది మొదటి స్థానం, దానికి 430 అర్థాలు. ఇప్పుడు రన్ దాన్ని దాటేసింది. ఈ అంకె చూసి భయపడొద్దు, ఎందుకంటే 645 ఎవరూ నేర్చుకోరు, ఇంగ్లీషువాళ్ళు కూడా నేర్చుకోలేదు. మనం కొట్టుని ఎలా పట్టుకున్నామో వాళ్ళూ అలాగే పట్టుకున్నారు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా అన్నయ్య కూతురు మొదటి ఉద్యోగంలో చేరిన వారానికి వాళ్ళ మేనేజర్ ఒక రిపోర్టు ఇచ్చి, పక్క టీమ్‌లో సీనియర్ ఒకావిడ పేరు చెప్పి, "రన్ ఇట్ బై హర్" అన్నారట. ఈ పిల్ల ఏమనుకుందంటే తొందరగా తీసుకెళ్ళి ఇచ్చేసి రమ్మన్నారనుకుని గబగబా వెళ్ళి ఆవిడ టేబుల్ మీద పెట్టేసి వచ్చింది. ఆయన అడిగింది అది కాదు, ఆవిడకి చూపించి ఏమంటుందో కనుక్కో అని. సాయంత్రం మీటింగ్‌లో "ఆవిడేమన్నారు" అని అడిగితే ఈ అమ్మాయి దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రి ఫోన్ చేసి ఏడ్చింది. ఇంజనీరింగ్‌లో మంచి మార్కులు, గ్రామర్ బాగా వచ్చు, రన్ అంటే పరుగెత్తు అని ఒకటో తరగతిలో నేర్పారు, అక్కడే ఆగిపోయింది. ఆ పిల్ల కోసం కూర్చుని నేను తయారుచేసిన పద్ధతి ఇది. మెట్లు వరసగా ఎక్కండి, మధ్యలో దూకొద్దు.

మొదటి మెట్టు: బుర్రలోంచి పరుగెత్తు తీసేసి పారు పెట్టుకోండి

ఇది ఒక్కటి చేస్తే సగం పని అయిపోతుంది, నిజంగా. రన్‌కి పాత ఇంగ్లీషులో ఉన్న మూలరూపాలు రిన్నన్, ఇర్నన్, వాటికి కాళ్ళతో పరుగెత్తడం అనే అర్థమూ ఉంది, నీరు పారడం అనే అర్థమూ ఉంది. జర్మన్‌లో ఇప్పటికీ రిన్నెన్ అంటే పారడం, రెన్నెన్ అంటే పరుగెత్తడం, రెండూ చుట్టాలే. అంటే నీరు రన్ అవడం తర్వాత ఎవరో కవి కల్పించిన అలంకారం కాదు, ఆ మాటతో పాటు పుట్టిందే.

మన తెలుగు చూడండి. కాలవలో నీళ్ళు పారుతున్నాయి. దొంగ పారిపోయాడు. వాడి పాచిక పారలేదు. నీళ్ళకీ దొంగకీ పాచికకీ ఒకటే మాట! పారిపోవడానికి ఇంగ్లీషులో రన్ అవే, కాలవ పారడానికి కెనాల్ రన్స్. నాకు ఇది తట్టినప్పుడు ఎంత సంతోషమేసిందో చెప్పలేను, ఎందుకంటే ఇంగ్లీషు నేర్చుకోవడానికి తాళంచెవి మన ఇంట్లోనే ఉంది, మనం ఊరంతా వెతుకుతున్నాం. ఆగకుండా ఒక దారి వెంట సాగిపోవడం, అదీ పారడం, అదే రన్ అసలు బొమ్మ.

రెండో మెట్టు: పారేది ఎవరో చూడండి

వాక్యంలో రన్ కనపడగానే దానికి కర్త ఎవరో చూడాలి. మనిషో కుక్కో అయి, వెనకాల అర్థం మార్చే మాటేదీ లేకపోతే పరుగు, అక్కడితో సరి. అది కాకుండా వేరే ఏదైనా అయితే పారు బొమ్మ పెట్టి, తెలుగులో ఆ వస్తువుకి మనం మామూలుగా వాడే మాట వేసుకోండి.

నోస్ ఈజ్ రన్నింగ్ అంటే ముక్కు కారుతోంది. ద ట్యాప్ ఈజ్ రన్నింగ్ అంటే కుళాయి తిప్పేసి ఉంది, నీళ్ళు పోతున్నాయి. ఉతికినప్పుడు ద కలర్ ర్యాన్ అంటే రంగు దిగి పక్క బట్టలకి అంటింది. ఇవి మూడూ నీళ్ళ సంబంధం కాబట్టి తేలిక. తర్వాత యంత్రాలు. ద మోటార్ ఈజ్ రన్నింగ్ అంటే మోటారు ఆడుతోంది. ఆవిరి యంత్రాలూ రైళ్ళూ వచ్చాక ఈ మాటకి పని బాగా పెరిగింది, కంప్యూటర్లు వచ్చాక ఇంకా పెరిగింది. బస్సులు రన్ అవుతాయి అంటే ఆ రూట్లో తిరుగుతాయి అని, బస్సు అప్పుడు డిపోలో ఆగి ఉన్నా సరే ఆ వాక్యం నిజమే, అది గమనించండి. ద రోడ్ రన్స్ అలాంగ్ ద కెనాల్ అంటే రోడ్డు కాలవ గట్టు వెంబడే పోతుంది, రోడ్డు కదలదు, మన చూపు దాని వెంట పోతుంది, తెలుగులోనూ రోడ్డు పోతుంది అనే అంటాం.

కాలం కూడా పారుతుంది. ద మూవీ ర్యాన్ ఫర్ హండ్రెడ్ డేస్ అంటే సినిమా వంద రోజులు ఆడింది. ద లీజ్ రన్స్ టిల్ మార్చ్ అంటే లీజు మార్చి దాకా ఉంది. డయాబెటిస్ రన్స్ ఇన్ ద ఫ్యామిలీ అంటే వాళ్ళ వంశంలో షుగర్ ఉంది, తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి పారుతూ వస్తోంది. అమెరికాలోనో లండన్‌లోనో ఉండేవాళ్ళని డాక్టర్ ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతారు, అప్పుడు తెల్లమొహం వేయకుండా ఉంటారు.

ఇంకో చిన్న సంగతి. రన్ వెనకాల డ్రై, లో, షార్ట్, హై, లేట్ లాంటి గుణం చెప్పే మాట వస్తే అప్పుడది పరుగూ కాదు పారడమూ కాదు, అలా అవ్వడం. ద వెల్ ర్యాన్ డ్రై, బావి ఎండిపోయింది. వీ ఆర్ రన్నింగ్ లేట్, మనకి లేటవుతోంది. అంతే.

మూడో మెట్టు: వెనకాల వస్తువు ఉంటే నడుపు

హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో మనవాళ్ళు ఎలా మాట్లాడతారో గుర్తుచేసుకోండి. "కోడ్ రన్ అవుతోంది" అంటారు, "ఆ క్వెరీ ఒకసారి రన్ చెయ్యి" అంటారు. అవుతోంది ఒకటి, చెయ్యి ఒకటి. ఏ గ్రామర్ పుస్తకం చూడకుండానే మన నాలుక ఆ తేడా పట్టేసింది. ఏదో తనంతట తాను పారుతుంటే రన్ అవుతోంది, ఎవరో దాన్ని పారేలా చేస్తుంటే రన్ చేస్తున్నారు. ఆ రెండో రకానికి తెలుగులో తాళంచెవి నడుపు.

షీ రన్స్ ఎ టిఫిన్ సెంటర్ అంటే ఆవిడ టిఫిన్ సెంటర్ నడుపుతోంది. స్కూల్, కంపెనీ, ట్రస్టు, ఏదైనా ఇలాగే. రన్ ఎ టెస్ట్ అంటే టెస్టు చేయడం, డాక్టర్ "లెట్ అస్ రన్ సమ్ టెస్ట్స్" అన్నారంటే రక్తపరీక్షలూ అవీ చేయిద్దాం అని. ద పేపర్ ర్యాన్ ద స్టోరీ అంటే పేపర్లో ఆ వార్త వేశారు. రన్ ఎ కేబుల్ అంటే వైరు లాగడం. హీ విల్ రన్ యూ టు ద స్టేషన్ అంటే బండి మీద స్టేషన్లో దింపుతాడు, ఇది బ్రిటన్‌లో ఎక్కువ వినపడుతుంది. రన్ ఎన్ ఎర్రండ్ అంటే బయట చిన్నచిన్న పనులు, పోస్టాఫీసు, కూరగాయలు, కరెంటు బిల్లు లాంటివి చక్కబెట్టుకు రావడం. రన్ ఎ రెడ్ లైట్ అంటే సిగ్నల్ జంప్ చేయడం, ఇది అమెరికా వాడుక, అక్కడ డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళు బాగా గుర్తుంచుకోవాలి.

రన్నింగ్ ఎ ఫీవర్, అంటే ఒంట్లో జ్వరం ఉండటం, దాని దగ్గర మాత్రం నడుపు కూడా పనికిరాదు, జ్వరాన్ని ఎవరూ నడపరు. ఇలాంటివి కొన్ని ఉంటాయి, రన్ ఎ రిస్క్, అంటే ముప్పుకి ఎదురెళ్ళడం కూడా అంతే, వాటిని జంటగానే మింగేయాలి. ఇంకోటి, మనవాళ్ళు "రన్నింగ్ ఫీవర్" అనేస్తారు, మధ్యలో ఆ ఎ వదలొద్దు.

ఎన్నికల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. తెలుగులో మనం ఎన్నికల్లో నిలబడతాం. బ్రిటన్‌లో కూడా నిలబడతారు, స్టాండ్ ఫర్ ఎలక్షన్ అంటారు. అమెరికాలో మాత్రం పరుగెడతారు, రన్ ఫర్ ఆఫీస్. ఆఫీస్ అంటే అక్కడ పదవి, ఆఫీసు వైపు పరుగెత్తడం అనుకోకండి. అధ్యక్ష అభ్యర్థితో కలిసి ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసే మనిషి రన్నింగ్ మేట్. 2024లో ట్రంప్ తన రన్నింగ్ మేట్‌గా జె.డి. వాన్స్‌ని ప్రకటించినప్పుడు వాన్స్ భార్య ఉష తల్లిదండ్రుల మూలాలు ఆంధ్రాలో ఉన్నాయని మన పేపర్లన్నీ రాశాయి కదా, ఆ వార్తలు ఇంగ్లీషులో చదివినవాళ్ళకి ఈ మాట చాలాసార్లు తగిలే ఉంటుంది.

నాలుగో మెట్టు: తోక చూడకుండా అర్థం చెప్పొద్దు

మా అన్నయ్య కూతురు పడింది ఇక్కడే. రన్ వెనకాల ఔట్, ఓవర్, ఇంటూ, డౌన్, అప్, బై, త్రూ లాంటి చిన్న మాట తోకలా తగులుకుంటే మొత్తం కలిపి కొత్త మాట అయిపోతుంది. తెలుగులో పడు, పడేయ్, పడిపో, పడుండు ఎంత తేడానో అంత తేడా. కాబట్టి రన్ కనపడగానే కళ్ళు ఇంకో రెండు మాటలు ముందుకు వెళ్ళాలి, అలవాటు చేసుకోండి.

అన్నిటికంటే ఎక్కువ వాడేది రన్ ఔట్. పారుతున్నది బయటికి పోయి ఖాళీ అయింది, అంటే అయిపోయింది. దీనికి రెండు రూపాలు, ఇక్కడే మనవాళ్ళు తడబడతారు. పాలు కర్త అయితే ద మిల్క్ హ్యాజ్ రన్ ఔట్. మనుషులు కర్త అయితే వీ హావ్ రన్ ఔట్ ఆఫ్ మిల్క్, ఆఫ్ తప్పకుండా రావాలి. తెలుగులో రెండూ పాలైపోయాయి అనే ఒక్క మాటే కాబట్టి కలిపేసి "మిల్క్ ఈజ్ రన్ ఔట్ ఆఫ్" అనే వాక్యాలు వస్తుంటాయి, అది తప్పు. టైము, ఓపిక, పెట్రోలు, డబ్బులు, ఐడియాలు అన్నిటికీ ఇదే అచ్చు.

రన్ ఓవర్ ఇంకా జాగ్రత్త. ఎ లారీ ర్యాన్ ఓవర్ ద డాగ్, లారీ కుక్క మీదుగా పోయింది, ఘోరం. ఐ ర్యాన్ ఓవర్ టు ద షాప్, ఊరికే షాపుకి గబుక్కున వెళ్ళొచ్చా. ద మీటింగ్ ర్యాన్ ఓవర్, మీటింగ్ అనుకున్న టైము దాటింది. లెట్స్ రన్ ఓవర్ ద పాయింట్స్, ఆ పాయింట్లు ఒకసారి చూసేద్దాం. నాలుగింటికీ తోక ఒకటే, తేడా అంతా కర్తలోనూ వెనక వచ్చే మాటలోనూ ఉంది. అందుకే రెండో మెట్టూ మూడో మెట్టూ ముందు ఎక్కమన్నాను.

రన్ డౌన్ కూడా ఇలాగే. ద బ్యాటరీ హ్యాజ్ రన్ డౌన్, బ్యాటరీ దిగిపోయింది, ఇక్కడ తెలుగు ఇంగ్లీషు ఒకేలా కిందికే దిగాయి చూడండి. ఐ ఫీల్ రన్ డౌన్, ఒంట్లో ఓపిక లేదు, నీరసం. ఎ రన్‌డౌన్ బిల్డింగ్, పట్టించుకోక పాడుబడ్డ బిల్డింగు. గివ్ మీ ఎ రన్‌డౌన్ అని బాస్ అంటే మాత్రం పాడుబడ్డది ఏదీ లేదు, ముఖ్యమైన సంగతులు ఒకదాని తర్వాత ఒకటి క్లుప్తంగా చెప్పు అని.

రన్ ఇంటూ అంటే ఎదురుపడటం, అనుకోకుండా మనిషి తగిలినా, కారు స్తంభానికి గుద్దుకున్నా, కష్టాల్లో ఇరుక్కున్నా ఇదే. ఖర్చు లక్షల్లోకి వెళ్ళినా రన్స్ ఇంటూ ల్యాక్స్. రన్ త్రూ అంటే మొదట్నించి చివరిదాకా ఒకసారి చూడటం. రన్ అప్ ఎ బిల్ అంటే బిల్లు బాగా పెంచేయడం. ఇక రన్ ఇట్ బై సంబడీ, ఒకరి కళ్ళ ముందు నుంచి దాన్ని ఒకసారి పోనివ్వడం, అంటే చూపించి వాళ్ళ మాట తీసుకోవడం. ఇది ఆఫీసుల్లో రోజూ వినపడుతుంది, స్కూల్లో ఎవరూ నేర్పరు.

ఐదో మెట్టు: రన్ నామవాచకంగా వచ్చినప్పుడు

ఇక్కడ మనకి క్రికెట్ ఉంది కాబట్టి భయం లేదు. 22 గజాల పిచ్ మీద ఇటునుంచి అటు పరుగెత్తితే ఒక రన్, మన పేపర్లలోనూ పరుగులు అనే రాస్తారు. తమాషా ఏంటంటే సిక్స్ కొట్టిన బ్యాటర్ అడుగు కదపకపోయినా ఆరు పరుగులు వస్తాయి, అంటే క్రికెట్లోనే రన్ కాళ్ళని వదిలేసి లెక్క అయిపోయింది. బాధాకరమైన రనౌట్లు మనందరికీ గుర్తే, పాలు రన్ ఔట్ అవడానికీ దానికీ సంబంధం లేదు, క్రికెట్ రనౌట్ దాని సొంత మాట. గాయపడిన బ్యాటర్ బదులు పరుగెత్తే రన్నర్ ఉండేవాడు, అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో 2011 అక్టోబర్ నుంచి ఆ పద్ధతి తీసేశారు. బౌలర్ పరుగెత్తుకుంటూ వచ్చేది రనప్, అదే మాట రాజకీయాల్లో ద రనప్ టు ద ఎలక్షన్స్ అంటే ఎన్నికల ముందు రోజులు.

బ్యాంక్ రన్ అంటే జనమంతా ఒక్కసారి డబ్బులు వెనక్కి తీసుకోవడానికి ఎగబడటం. 2023 మార్చి 9న అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంక్ నుంచి ఖాతాదారులు ఒక్కరోజులో 42 బిలియన్ డాలర్లు తీయబోయారు, ఆ మర్నాడే బ్యాంకు మూతపడింది. ఎవరూ వీధిలో పరుగెత్తలేదు, చాలామంది ఇంట్లో కూర్చుని ఫోన్లలో నొక్కారు, అయినా దాని పేరు రన్నే.

ఇన్ ద లాంగ్ రన్ అంటే పోనుపోను. ఆన్ ద రన్ అంటే పోలీసులకి దొరక్కుండా పరారీలో ఉండటం. డ్రై రన్ అంటే అసలు పనికి ముందు ఉత్తుత్తిగా చేసి చూడటం. రన్ ఆఫ్ ద మిల్ అంటే మామూలు సరుకు, మిల్లులోంచి ఏరకుండా వచ్చింది వచ్చినట్టు ఉన్నది. ద రన్స్ అంటే విరేచనాలు, ఇది మరీ చనువున్నచోట మాట, ఆఫీసులో సెలవు మెయిల్‌లో రాయకండి, స్టమక్ అప్‌సెట్ అని రాస్తే చాలు.

ఆరో మెట్టు: రూపాలు

రన్, ర్యాన్, రన్. మూడో రూపం మళ్ళీ మొదటిదే. ఐ హావ్ ర్యాన్ అనేది తప్పు, ఐ హావ్ రన్ అనాలి. పలికేటప్పుడు రన్ పొట్టిగా, ర్యాన్ నోరు కాస్త ఎక్కువ తెరిచి. ఇంతకంటే ఇక్కడ చెప్పేదేం లేదు.

ఏడో మెట్టు: నోట్‌బుక్

ఒక సన్నపాటి నోట్‌బుక్ పెట్టుకోండి, కానీ రన్ అని రాసి ఎదురుగా తెలుగు అర్థం మాత్రం రాయొద్దు. అలా రాస్తే మళ్ళీ ఒకటో తరగతికి వెళ్ళిపోతాం. దొరికిన వాక్యం మొత్తం రాయండి, కర్త కింద ఒక గీత, తోక కింద ఒక గీత గీయండి, ఆ తర్వాత మీ ఇంట్లో ఆ సంగతి ఎలా చెప్తారో అలా తెలుగులో రాయండి, పుస్తకాల తెలుగు వద్దు. అర్థం దొరక్కపోతే డిక్షనరీ చూడండి, అయితే ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీ చరిత్ర వరసలో పాత అర్థంతో మొదలవుతుంది, నేర్చుకునేవాళ్ళకి అది కష్టం. విద్యార్థుల కోసం వేసే లెర్నర్స్ డిక్షనరీలు ఎక్కువ వాడే అర్థాలతో మొదలవుతాయి, అవి తీసుకోండి. రోజుకి రెండు వాక్యాలు చాలు, నెలకి అరవై.

మా పిల్లకి పరీక్షగా ఇచ్చిన పేరా ఇదిగో, కిందది చూడకుండా ముందు మీరు చెప్పండి.

"ఐ యామ్ రన్నింగ్ లేట్. ద బస్ డజంట్ రన్ ఆన్ సండేస్, సో మై బ్రదర్, హూ రన్స్ ఎ మెడికల్ షాప్, విల్ రన్ మీ టు ద స్టేషన్. మై సన్ ఈజ్ రన్నింగ్ ఎ ఫీవర్ అండ్ వీ హావ్ రన్ ఔట్ ఆఫ్ సిరప్. ఇఫ్ యూ రన్ ఇంటూ ద మేనేజర్, ప్లీజ్ రన్ ద రిపోర్ట్ బై హర్."

ఆ పిల్ల పావుగంట కూర్చుని రాసింది ఇది: "నాకు లేటవుతోంది. ఆదివారాలు బస్సు తిరగదు, అందుకని మెడికల్ షాపు నడిపే మా తమ్ముడు నన్ను స్టేషన్లో దింపుతాడు. బాబుకి జ్వరం, సిరప్ అయిపోయింది. మేనేజర్ గారు కనపడితే ఆ రిపోర్టు ఒకసారి ఆవిడకి చూపించి ఏమంటారో కనుక్కో."

ఎనిమిది రన్‌లు ఉన్నాయి, తెలుగులో పరుగు అనే మాట ఒక్కసారి కూడా రాలేదు. చివరి వాక్యం దగ్గర మాత్రం పెన్ను ఆపి, "బాబాయ్, ఆ రోజు నాకు ఇది తెలిసుంటే" అంది.